సీనుగాడికి వెల్లుల్లి కబురు

ఒరేయ్ సీనూ,

నీ ఉత్తరానికి జవాబు ఇంత ఆలస్యంగా ఏంటని తిట్టాలనుంటే ఫోన్లో తిట్టు, ఇప్పుడు కాదు. ఇక్కడంతా బాగే. ఉద్యోగం అదే, బుడ్డాడికి ముందు పళ్ళు ఊడాయి, గ్రీన్ కార్డు సంగతి అడగొద్దు. అసలు విషయానికొస్తా.

వెల్లుల్లి పండించానురా! న్యూజెర్సీలో, మా పెరట్లో. రకం పేరేంటో తెలుసా? 'మ్యూజిక్'. ఆ పేరు చూడగానే హాస్టల్ బాత్రూమూ, నీ గొంతూ, వార్డెన్ బకెట్టూ గుర్తొచ్చి ఇంకో రకం వైపు చూడకుండా అదే కొన్నా.

అక్టోబరులో రెబ్బలు విడదీసి, మొన పైకుండేలా 2 అంగుళాల లోతున, 6 అంగుళాల ఎడంతో నాటి, పైన ఎండుగడ్డి కప్పా. ఫోన్లో అమ్మ ఒకటే గోల, "మంచులో ఏం బతుకుతుందిరా, డబ్బు దండగ" అని. దీనికి ఆ చలే కావాలి. చలి సరిగ్గా తగలకపోతే రెబ్బలుగా విడదు, ఒంటిపాయగా ఉండిపోతుంది. మార్చిలో ఆకులు గడ్డిని తోసుకుని లేచాయి.

మేలో అమ్మ వచ్చింది. జూన్‌లో మొక్క మధ్యలోంచి గట్టి కాడ లేచి జిలేబీలా చుట్ట తిరిగింది. "తెగులు!" అంది. తెగులు కాదు, పువ్వు కాడ. ఉంచితే బలం దానికి పోయి గడ్డ అంతగా ఊరదు. కత్తెర తీస్తే చెయ్యి పట్టేసుకుంది, పువ్వు రాకుండానే కోస్తావా అని. పక్కింటి ఇటలీ తాతగారు కంచె అవతల నుంచి తను కోసిన కాడల కట్ట ఊపి చూపిస్తే గానీ ఒప్పుకోలేదు. కొడుకు మాటకి విలువ లేదు! మర్నాడు వాటితో పప్పు చేసింది. ఆ తర్వాత పచ్చిమిర్చి, చింతపండు వేసి పచ్చడి. వేడన్నం, నెయ్యి... నువ్వుండాల్సిందిరా.

ఆగస్టులో అమ్మ తిరుగు టికెట్టు. ఆవిడ వెళ్ళాక ఈ పెరడు... సరే, వదిలెయ్.

ఇప్పుడు కొత్త పేచీ. ఉల్లికి లాగే ఆకులు వాలేదాకా ఆగాలంటుంది. మధ్యలో అంత గట్టి కాడ ఉంటే ఎలా వాలుతుంది? కింది ఆకులు కొన్ని ఎండి, పైవి పచ్చగా ఉండగానే తవ్వాలి. ఒక్కో ఆకు గడ్డ మీద ఒక్కో పొర. అన్నీ ఎండేదాకా ఉంచితే పొరలు చివికి, రెబ్బలు విచ్చుకుని, నిలవుండవు. నిన్న ఒకటి తవ్వి చూపించా. ఆరే రెబ్బలు, కానీ కొట్లో దొరికేవి మూడు కలిపితే ఇందులో ఒకటి. "లావే గానీ ఘాటేదీ" అంటూ పచ్చిది కొరికింది. కళ్ళల్లో నీళ్ళు! అయినా ఒప్పుకుంటుందా? "మట్టి వాసన" అంది.

శనివారం మిగతావి తవ్వి, కడక్కుండా గ్యారేజీలో వేలాడదీసి రెండు మూడు వారాలు ఆరబెట్టాలి. పెద్ద గడ్డలు విత్తనానికి దాద్దామంటే అమ్మ కన్ను వాటి మీదే, కారప్పొడికట. నీకు పంపమనకు, గుంటూరు ఎండకి ఈ రకం గడ్డ కట్టదు. కారప్పొడి మాత్రం అమ్మ చేత

అయ్యో, బుడ్డాడు కార్లో కూర్చుని హారన్ మోగిస్తున్నాడు, ఈత క్లాసు. ఉంటా.

నీ
బాబ్జీ