బావా, ఇంకా మొదటి కాలంలోనే ఉన్నాను

ఒరే బావా,

నీ ఉత్తరం అందింది. రిటైరవడానికి ఇంకా నెల్లాళ్లుండగానే కాగితం నిండా పనులు రాసుకున్నావు. హార్మోనియం, సంస్కృతం, నాణేలు, చదరంగం, మిద్దె తోట, ఫొటోలు, ఇక పుస్తకాలు సరే సరి. దేనితో మొదలుపెట్టమంటావు అని అడిగావు. రిటైరైన కొత్తలో నేనూ ఇలాంటి కాగితమే రాసి బీరువా తలుపుకి అంటించాను. ఏం జరిగిందో విను.

పొద్దున ఐదింటికి వీణ. ఏడింటికి మేడ మీద నలభై కుండీలకి నీళ్లు. పదింటికి స్టాంపులు. మధ్యాహ్నం సంస్కృతం, సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీద నడక, చీకటిపడ్డాక చదరంగం. ఆదివారమైతే కెమెరా భుజాన వేసుకుని ఉండవల్లి గుహలకో, ఆటపాక గూడబాతుల దగ్గరికో. వీణ ముందు కూర్చుంటే కుండీలు గుర్తొచ్చేవి, కుండీల దగ్గరుంటే స్టాంపులు. ఒకరోజు మీ చెల్లెలు కాఫీ గ్లాసు పక్కన పెట్టి, "ఆఫీసులోనైనా ఆదివారం సెలవుండేదండీ" అంది. ఆ మాట చాన్నాళ్లు మనసులో మెదిలింది. అయినా కాగితం తీయలేదు.

తీయించింది బుడమేరు వాగు.

2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటిందని ఊరంతా అటే చూసింది కదా. సింగ్‌నగర్‌లో మా ఇంట్లోకి వచ్చింది మాత్రం బుడమేరు. చూస్తుండగానే గడప దాటింది, మంచం పట్టెలు తడిశాయి. మీ చెల్లెలు మందులూ, పాస్‌పుస్తకాలూ, బియ్యం డబ్బా పట్టుకుంది. నేను వీణ ఎత్తుకున్నాను. కుండ పొట్టకి ఆనించుకుని, దండి ఎక్కడా గోడకి తగలకుండా ఒక్కో మెట్టే ఎక్కాను. మళ్లీ దిగి రేడియో, కెమెరా తెచ్చాను. స్టాంపుల ఆల్బములు బీరువా కింది అరలో ఉన్నాయన్న సంగతి మూడోరోజుకి గాని గుర్తు రాలేదు. ముప్పై ఏళ్లు పోగేసినవి, బావా!

నీళ్లు తీశాక చూస్తే పేజీలన్నీ ఒకటే ముద్ద. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, మెల్లగా విడదీసి, కాగితం మీద బోర్లా ఆరబెడితే చాలావరకు దక్కుతాయి. ఒక సాయంత్రం కూర్చుని పదిహేను విడదీశాను. ఆపైన చెయ్యి ఆడలేదు. వాటిమీద ఇష్టం ఎప్పుడో తీరిపోయి అలవాటు మిగిలిందని అప్పుడు తెలిసింది. మొత్తం పక్కింటి కుర్రాడికి ఇచ్చేశాను. వాడు ఊపిరి బిగబట్టి ఒక్కోటీ పట్టకారుతో ఎత్తుతుంటే చూస్తూ నిలబడిపోయాను.

ఇప్పుడు రోజూ వీణ ఒక్కటే. కుండీలు ఆరు మిగిలాయి, కరివేపాకూ మల్లే వాటిలోనే. ఆటపాక చలికాలంలో ఒకసారి. నడక మానలేదు, అది మోకాళ్ల కోసం. సంస్కృతం వదిలేసినందుకు మాత్రం ఇప్పటికీ బాధే.

సత్యనారాయణపురంలో మా వీణ టీచరుగారు నాకన్నా ఇరవై ఏళ్లు చిన్నావిడ. మొదటి నెల్లోనే నేను సరళి వరుసలు, అవే తొలి పాఠాలు, మూడో కాలంలో, అంటే నాలుగింతల వేగంతో పరుగెత్తిస్తుంటే, "ఎవరు తరుముతున్నారండీ?" అని మళ్లీ మొదటి కాలానికి దించారు. మాయామాళవగౌళ రాగం, ఆది తాళం, అక్షరానికి ఒక్క స్వరం. అంత నిదానంగా వాయిస్తుంటే, మీటిన స్వరం ఎంతసేపు నిలిచిందో, ఎక్కడ సన్నగిల్లిందో చెవికి తెలుస్తుంది. ఎడమచేతి రెండు వేళ్ల చివరా తీగ గాడి పడింది. కొబ్బరినూనె రాసుకుని కూర్చుంటాను. గంట ఎటు పోతుందో తెలియదు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాణేల గురించి ఒక్క ముక్క రాశావు, హార్మోనియం గురించి సగం పేజీ. చిన్నప్పుడు రామమందిరంలో భజన జరిగినన్నాళ్లూ నువ్వు ఆ పెట్టె పక్కనుంచి లేచేవాడివి కాదు. అదే మొదలుపెట్టు. ఏడాదిపాటు అదొక్కటే. కావాలంటే ఆ కాగితం నాకు పంపించు, నా దగ్గర దాస్తాను.

ఈ ఎండలకి మైనం మెత్తబడి నా వీణ మెట్లు రెండు కదిలాయి. బాగుచేయించడానికి వచ్చే గురువారం నూజివీడు తీసుకెళ్తున్నాను. అక్కడ పనస చెక్కతో వీణలు చేసేవాళ్లు ఉన్నారు కదా. నువ్వు గుంటూరులో పొద్దున్నే బయల్దేరి బెజవాడ బస్టాండుకి వచ్చెయ్యి, కలిసే వెళదాం. పని అయ్యేదాకా రసాలు తింటూ కూర్చోవచ్చు. వీణ మాత్రం ఒళ్లో నేనే పెట్టుకుంటాను, కిటికీ సీటు నీది.

నీ
బెజవాడ బావ