మన సంఘం వార్షిక నివేదిక, 2023–24: జమున ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

2023 జనవరి 27న సినీనటి జమున గారు కన్నుమూశారు. ఆ తర్వాత కూడిన కార్యవర్గంలో మరో మాటే రాలేదు. మన పక్కనున్న దుగ్గిరాలలో పెరిగిన నటి కాబట్టి ఏడాది కార్యక్రమాలన్నీ ఆమె పేరిటే జరపాలని తీర్మానించాం. గుంటూరులో ఏ తీర్మానమైనా వాదన లేకుండా నెగ్గుతుందా? చిర్రావూరు ఆడపడుచు సావిత్రి అభిమానులు అసమ్మతి పత్రం రాసిచ్చారు. దాన్ని ఫైలులో భద్రపరిచాం.

ఏప్రిల్‌లో దుగ్గిరాల వెళ్లాం. పసుపు యార్డు దగ్గర బస్సు దిగగానే ఘాటు ముక్కుకు తగిలింది. హంపీలో పుట్టిన జమున కుటుంబాన్ని ఈ ఊరికి చేర్చింది తండ్రిగారి పసుపు వ్యాపారమే. ఇక్కడ ఉపాధ్యాయుడిగా పనిచేసిన జగ్గయ్య ఆమెను నాటకాల్లోకి తెచ్చారు. 1953లో గరికపాటి రాజారావు ‘పుట్టిల్లు’తో వెండితెరకు పరిచయం చేశారు. అందరూ తలా కాసిని పసుపు కొమ్ములు కొన్నారు. నేను జేబులో వేసుకున్నాను. ఆ చొక్కాకు మరక ఇప్పటికీ పోలేదు.

ఆగస్టు 30న, ఆమె పుట్టినరోజున, ‘శ్రీకృష్ణ తులాభారం’ (1966) సినిమా వేశాం. సత్యభామ ఒక్కో నగా తక్కెడలో వేస్తోంది. పళ్లెం కదలదు. ఆమె కళ్లలో ధీమా కాస్త కాస్తగా కంగారుగా మారుతోంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఎవరూ లేవలేదు. వెనక వరుసలోని ఒక పెద్దాయన చీకట్లోనే ‘మీరజాలగలడా’ అందుకున్నారు. బాపట్ల వారైన స్థానం నరసింహారావు సత్యభామ వేషంలో రంగస్థలం మీద పాడిన పాట అది. కరెంటు వచ్చాక పాట ఆపినందుకు కొందరు నొచ్చుకున్నారు కూడా.

నవంబరు చర్చలో వేడి ఎక్కువైంది. జమునది గర్వమా, ఆత్మాభిమానమా? అగ్ర కథానాయకులు ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ కొన్నేళ్లు ఆమెతో నటించలేదు. ఆమె వారు లేకుండానే సినిమాలు చేసుకుంటూ పోయారు. 1962లో ‘గుండమ్మ కథ’ ముగ్గురినీ మళ్లీ ఒక్కచోటికి చేర్చింది. అదే పని మగవాళ్లు చేస్తే పౌరుషం అంటాం, ఆమె చేస్తే పొగరు అన్నారు. ఇది కార్యదర్శిగా కాదు, ప్రేక్షకుడిగా నా మాట. ‘మూగమనసులు’ గౌరి పాత్రను హిందీ ‘మిలన్’లోనూ తానే పోషించి ఫిలింఫేర్ అందుకున్నారు. 1989లో రాజమండ్రి నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. బస్సు బాడుగ, ప్రొజెక్టరు అద్దె పెద్ద ఖర్చులు. చందా బకాయిలు చాలా ఉన్నాయి. మన కోశాధికారి తక్కెడ తులసిదళంతో తూగదని మనవి.

వచ్చే ఏడాది ఎవరి పేరిట జరపాలో సర్వసభ్య సమావేశం నిర్ణయిస్తుంది. అసమ్మతి పత్రాన్ని ఫైలులోంచి తీసి అజెండాలో మొదటి అంశంగా చేర్చాం.

— కార్యదర్శి