వరి రకం గురించి రాసేటప్పుడు వేరు దగ్గరి బ్యాక్టీరియా సంగతీ రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

వరి మీద మీ పేపర్లో వచ్చేవి నేను వదలకుండా చదువుతా. కొత్త రకం అనగానే దిగుబడి ఎంత, ఎన్ని రోజుల పంట, ఈ రెండే ఉంటున్నాయి, అన్నం ఎలా అవుతుంది, ఆ మొక్క వేరు మట్టిలో ఏ సూక్ష్మజీవుల్ని పిలుచుకుంటుంది అన్నది ఎక్కడా రావట్లేదు.

జీన్స్ వైపు ఇప్పటికే బోలెడంత తెలిసింది. వరికి 12 జతల క్రోమోజోములు, 2018లో అయితే ఏకంగా 3,010 రకాల జీనోమ్‌లు, అంటే వాటి మొత్తం డీఎన్ఏ, పోల్చి చూశారు. 6వ క్రోమోజోమ్ మీద వాక్సీ అనే జీన్ ఉంది, గింజలో అమైలోజ్ అనే ఒక రకం పిండిపదార్థం తయారయ్యేది దాని వల్లే, అది బాగా పనిచేస్తే అన్నం పొడిపొడిగా వస్తుంది, మందగిస్తే మెత్తబడి అతుక్కుంటుంది, పూర్తిగా ఆగితే జిగట బియ్యమే. ఆ మందగించడానికి డీఎన్ఏలో ఒక్క అక్షరం మారితే చాలు అంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే! సువాసన ఇంకా విచిత్రం, బీఏడీహెచ్2 అనే జీన్ చెడిపోతేనే ఆ వాసన వస్తుంది.

కానీ జీన్ మంచిదైనంత మాత్రాన గింజ మంచిదైపోదు కదండీ. పాలు పోసుకునే టైంలో రాత్రిళ్లు వేడిగా ఉంటే గింజలో సున్నం రాసినట్టు తెల్లమచ్చ పడి మరలో నూకైపోతుంది, నత్రజని ఆలస్యంగా ఎక్కువ అందితే ప్రోటీన్ పెరిగి అన్నం గట్టిపడుతుంది. మరి మట్టిలో ఆ నత్రజనిని అటూ ఇటూ మార్చేది బ్యాక్టీరియానే. 2019లో చైనా సైంటిస్టులు వరిలో రెండు పెద్ద వర్గాలైన ఇండికా, జపోనికా వేర్లు పోల్చి చూస్తే ఇండికా దగ్గర బ్యాక్టీరియా రకాలు ఎక్కువున్నాయి, అందులో నత్రజనిని మార్చే బ్యాక్టీరియా చేరడానికి ఎన్ఆర్‌టీ1.1బీ అనే జీన్‌తో సంబంధం ఉందని తేలింది, ఆ జీన్ తీసేస్తే అవి తగ్గిపోయాయి. అంటే ఎవరితో స్నేహం చేయాలో కూడా విత్తనంలోనే కొంత రాసి ఉందన్నమాట.

2021లో ఇంకోటి. ఒకే రకం వరి, ఒకచోట తెగులు తట్టుకుంది, ఇంకోచోట పడిపోయింది, కారణం చూస్తే గింజ లోపల కాపురముండి తరం నుంచి తరానికి వెళ్తున్న స్ఫింగోమోనాస్ అనే బ్యాక్టీరియా! జీన్స్ మాత్రమే చూసుంటే ఇది ఎప్పటికీ దొరికేది కాదు.

నా బాధ ఏంటంటే, ఎరువులు దండిగా వేసిన మళ్లలోనే రకాలు ఎంపిక చేసుకుంటూ పోతే ఈ స్నేహం చేసే గుణం జారిపోదా? భాస్వరం పుష్కలంగా దొరికితే వేరుతో కలిసి బతుకుతూ భాస్వరం అందించే మైకోరైజా శిలీంధ్రాన్ని వరి మొక్కే దగ్గరికి రానివ్వదు, అలాంటి మడిలో ఆ గుణం ఉన్న మొక్కకీ లేని మొక్కకీ తేడా ఎలా కనబడుతుంది? అందుకే ఎరువు తగ్గించిన మడిలో కూడా పరీక్ష పెట్టాలి, అదే మడి గింజని వండి కూడా చూడాలి, వేర్ల మీద పనిచేసేవాళ్లు ఒకవైపు, గింజ మీద పనిచేసేవాళ్లు ఒకవైపు కాకుండా కలిసి చూడాలి.

ఈసారి కొత్త రకం వార్త రాసేటప్పుడు మీ రిపోర్టర్లు ఈ రెండూ అడగండి సార్, అమైలోజ్ ఎంత, ఎరువు తగ్గించిన మడిలో ఎలా పండింది అని.

ఇట్లు,
మీ పాఠకుడు