22 ప్రశ్నల కోసం ఒక ఏడాది

బెంగళూరు,
22 జూన్ 2025

చిట్టీ,

ఫోన్లో మొదలుపెట్టిన మాట ఏదీ తెగడం లేదు. నువ్వు ఏడుస్తావు, నేను సర్దిచెబుతాను, అసలు సంగతి అలాగే ఉండిపోతుంది. అందుకే రాస్తున్నా. మెడికల్ సీటు కోసం ఏడాది పాటు కోచింగ్‌లో కూర్చుని నీట్ మళ్ళీ రాయడానికి, అంటే లాంగ్‌టర్మ్, తీసుకోనా వద్దా అని అడిగావు కదా, దానికి నా జవాబు చెప్పను. లెక్క ఎలా వేయాలో చెబుతాను. తేల్చేది నువ్వే. ఏది తేల్చినా నాన్న గానీ నేను గానీ రెండో మాట అనం.

ముందుగా, ఈసారి నీట్‌లో 720కి వచ్చిన 438 అనే అంకెను చూసి నిన్ను నువ్వు తిట్టుకోవడం ఆపు. పోయినేడు, అంటే 2024లో, 720కి 720 వచ్చినవాళ్ళు సవరించిన ఫలితాల్లో కూడా 17 మంది. ఈసారి దేశంలో మొదటి ర్యాంకు మార్కులే 686. పోయినేడు 600 దాటినవాళ్ళు 70 వేలకు పైన ఉంటే ఈసారి పదమూడు వందల పైచిలుకు మాత్రమే. ఫిజిక్స్ పేపర్ అంత పని చేసింది. కాబట్టి "మావాడికి 560 వచ్చినా సీటు రాలేదు" అని అక్కడ మదనపల్లెలో ఎవరైనా అంటే అది వేరే ఏడాది లెక్క అనుకుని విని వదిలేయి. ఏడాదికీ ఏడాదికీ పోల్చాల్సింది ర్యాంకునే. కర్ణాటకలో సీట్లు కేటాయించే కేఈఏ వాళ్ళు ప్రతి కౌన్సెలింగ్ రౌండ్ తర్వాత ఏ కాలేజీలో ఏ కేటగిరీకి ఏ ర్యాంకు దగ్గర సీటు ఆగిందో జాబితా పెడతారు. పోయినేటి చివరి రౌండ్ జాబితా తీసి నీ ర్యాంకు పక్కన పెట్టుకో. లక్ష దాటిన ర్యాంకుకు మన కేటగిరీలో ప్రభుత్వ కాలేజీ సీటు రాదు. ప్రైవేటు కాలేజీల్లో తక్కువ ఫీజుకు వచ్చే గవర్నమెంట్ కోటా సీటూ కష్టమే. వచ్చేదల్లా ఏటా పది లక్షలు దాటే ప్రైవేటు సీటు. అది మన వల్ల కాదు. ఈ మాట నీకు తెలుసు, నువ్వే అనలేక ఊరుకున్నావు. నేను అనేశాను, ఇక ఆ బరువు నీ మీద లేదు.

ఇప్పుడు అసలు పని. నువ్వు జవాబులు దిద్దిన ఓఎంఆర్ షీటు కాపీ, సరైన జవాబులున్న ఫైనల్ కీ, ఇంటికి తెచ్చుకున్న ప్రశ్నపత్రం మూడూ పక్కపక్కన పెట్టి నేను లెక్క వేశాను. ఫిజిక్స్‌లో 45 ప్రశ్నల్లో 30కి జవాబు పెట్టావు, 17 ఒప్పు, 13 తప్పు, 15 వదిలావు, 55 మార్కులు. కెమిస్ట్రీలో 45కి 37 పెట్టావు, 27 ఒప్పు, 10 తప్పు, 8 వదిలావు, 98 మార్కులు. బయాలజీలో 90కి 90 పెట్టావు, 75 ఒప్పు, 15 తప్పు, 285 మార్కులు. మొత్తం 119 ఒప్పు, 38 తప్పు, 23 వదిలినవి.

ఒక్క ప్రశ్నకు ఎంత విలువో చూడు. తప్పు పెట్టినదాన్ని వదిలేసి ఉంటే ఒక మార్కు మిగిలేది. వదిలినదాన్ని ఒప్పు చేసుకుంటే నాలుగు. తప్పు పెట్టినది ఒప్పైతే అయిదు. అందుకే నీ దగ్గర ఎక్కువ మార్కులు దాగి ఉన్నది వదిలిన ప్రశ్నల్లో కాదు, తప్పు పెట్టిన ఆ 38లో. 190 మార్కులు అక్కడే ఉన్నాయి. "నెగెటివ్ మార్కింగ్ వల్ల పోయాయి" అని అందరూ అంటారు గానీ నెగెటివ్ కింద నీకు కోసింది 38 మార్కులే. మిగతా 152 నీకు దాదాపుగా తెలిసినవి.

దాదాపుగా అన్నది ఎంతవరకు నిజమో తేల్చాలి. ఆ 38 ప్రశ్నల పక్కన పెన్సిల్‌తో ఒక్కో అక్షరం రాయి. పాఠమే అర్థం కాకపోతే 'అ'. చదివినదే గానీ ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకంలోని వాక్యం గుర్తుకు రాకపోతే 'మ'. లెక్కలోనో యూనిట్లలోనో పొరపాటు పడితే 'లె'. "సరికానిది ఏది" అన్నదాన్ని "సరైనది ఏది" అని చదివేస్తే 'చ'. టైమ్ లేక కళ్ళు మూసుకుని పెడితే 'ట'. నేను చూసినంతలో నీ బయాలజీ తప్పులు 15లో తొమ్మిది 'మ', నాలుగు 'చ'. జతపరచేవి, రెండు స్టేట్‌మెంట్ల ప్రశ్నలు. నువ్వొకసారి సరిచూడు, నా కంటే నీకే బాగా తెలుస్తుంది. 'మ', 'చ', 'లె' ఒక ఏడాదిలో తగ్గుతాయి. తగ్గకపోతే చదివే తీరు మారలేదని అర్థం. 'అ' కొంత తగ్గుతుంది, ఎవరు చెబుతున్నారన్న దాన్నిబట్టి. 'ట' మాత్రం చదవడం వల్ల తగ్గదు, పేపర్లు రాయడం వల్లే తగ్గుతుంది.

ఇప్పుడు ఎంత పెరగాలో చూద్దాం. బయాలజీలో 75 ఒప్పు 84 అయి, తప్పులు ఆరుకు దిగితే 330. కెమిస్ట్రీలో 27 కాస్తా 33 అయి, ఆరు తప్పులుంటే 126. ఫిజిక్స్‌లో 17 కాస్తా 24 అయి, ఎనిమిది తప్పులుంటే 88. కలిపితే 544. అంటే 106 మార్కులు ఎక్కువ. ఒప్పులు ఎన్ని పెరిగాయి? 22. తప్పులు 38 నుంచి 20కి దిగాయి. అంతే. ఏడాదంతా ధారపోసేది ఈ 22 ప్రశ్నల కోసం. రోజుకు పద్నాలుగు గంటలు, సిలబస్ మొత్తం మళ్ళీ మొదటి నుంచి, అనే మాటలు విన్నప్పుడు ఈ అంకె గుర్తుంచుకో. ఈ ఏడాదిలాంటి పేపరే వస్తే 544తో ఈ రాష్ట్రంలో ప్రభుత్వ సీటు గురించి ధైర్యంగా ఆలోచించవచ్చు. పేపర్ తేలికైతే అందరికీ పెరుగుతాయి కాబట్టి ఆ 22 కూడా చాలకపోవచ్చు.

ఆ 22 వస్తాయా రావా? దీనికి ఊహ అక్కర్లేదు, పదిహేను రోజులు చాలు. మంగళవారం నుంచి మొదలుపెట్టు. ఫిజిక్స్‌లో నీకు పడని మూడు చాప్టర్లు తీసుకో: రొటేషనల్ మోషన్, కరెంట్ ఎలక్ట్రిసిటీ, రే ఆప్టిక్స్. మొదట పాత నీట్ పేపర్లలో సరి సంఖ్య ఏళ్ళవి తీసి ఒక్కో చాప్టర్ నుంచి పది చొప్పున 30 ప్రశ్నలు నలభై నిమిషాల్లో చెయ్యి. ఒప్పులెన్నో రాసుకో. తర్వాత ఒక్కో చాప్టర్‌కు నాలుగు రోజులు. మొదటి రోజు ఎన్‌సీఈఆర్‌టీ పాఠం, సాల్వ్ చేసిన ఉదాహరణలు. మిగతా మూడు రోజులూ రోజుకు పదిహేను లెక్కలు. జవాబు పేజీ చూసి "ఆ, ఇదేగా" అనుకుంటే లెక్కలోకి రాదు. పుస్తకం మూసి మళ్ళీ తెల్లకాగితం మీద చెయ్యాలి. చివర్లో బేసి సంఖ్య ఏళ్ళ పేపర్ల నుంచి మరో 30, అదే నలభై నిమిషాలు. ఒప్పులు ఎనిమిదో తొమ్మిదో పెరిగాయంటే నీ చేతిలో పని ఉంది, ఏడాది వృథా కాదు. రెండో మూడో పెరిగితే ఇదే తీరులో ఏడాది చదివినా బండి కదలదు. అప్పుడు తీరు మారాలి, లేకపోతే దారి మారాలి. పాత పేపర్లు తీసేటప్పుడు ఒకటి చూసుకో. 2024 నుంచి సిలబస్ తగ్గింది. కెమిస్ట్రీలో సాలిడ్ స్టేట్, సర్ఫేస్ కెమిస్ట్రీ, పాలిమర్స్ లాంటివి పోయాయి. 2021 నుంచి 2024 వరకు 200 ప్రశ్నల్లో కొన్ని వదులుకునే వీలుండేది, ఈ ఏడాది నుంచి 180కి 180, మూడు గంటలు. ఆ వెసులుబాటు ఉన్న రోజుల పేపర్లలో నీకొచ్చిన మార్కులు నమ్మకు.

లాంగ్‌టర్మ్‌లో మార్కులు పెరగనివాళ్ళకు ఏం జరుగుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే అది తెలివికి సంబంధించింది కాదు. జులైలో క్లాసులు మళ్ళీ మొదటి పాఠం నుంచి మొదలవుతాయి. విన్నదే కాబట్టి అన్నీ తెలుసనిపిస్తుంది. వచ్చిన బయాలజీనే మళ్ళీ మళ్ళీ చదువుతారు, ఎందుకంటే హాయిగా ఉంటుంది. రాని ఫిజిక్స్ వాయిదా పడుతుంది. వారం వారం టెస్టు రాస్తారు, మార్కు చూసుకుంటారు, తప్పులను విప్పి చూసుకోరు. టెస్టు రాయడానికి మూడు గంటలైతే దాన్ని విప్పుకోవడానికి నాలుగు గంటలు పడుతుంది. ఆ నాలుగు గంటలు ఎవరూ టైమ్‌టేబుల్లో వేయరు. జనవరికి వచ్చేసరికి ఒంటరితనం, విసుగు. నువ్వు చేరితే నీ టైమ్‌టేబుల్లో ముందుగా వేయాల్సింది ఆదివారం టెస్టు కాదు, సోమవారం ఆ నాలుగు గంటలు.

పరీక్ష హాల్లో సమయం గురించి ఒక్క మాట. బయాలజీకి 48 నిమిషాలు, కెమిస్ట్రీకి 50, ఫిజిక్స్‌కు 75, మిగతా ఏడు నిమిషాలు ఓఎంఆర్‌కు. ఈసారి నువ్వు బయాలజీకే 70 నిమిషాలు తీసుకున్నావని నువ్వే అన్నావు. ఫిజిక్స్‌లో వదిలిన 15 అక్కడే పోయాయి.

ఎక్కడ చదవాలన్నది రెండో ప్రశ్న. మన కె.ఆర్.పురం నుంచి విజయనగర్ వైపు కోచింగ్‌కు పర్పుల్ లైన్ మెట్రో ఒక్కటే చాలు, మెజెస్టిక్‌లో మారక్కర్లేదు. జయనగర్ అయితే మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కు మారాలి. బస్సు ఊసే వద్దు, సిల్క్‌బోర్డు దగ్గర సగం చదువు పోతుంది. విజయవాడ, హైదరాబాద్ హాస్టళ్ళ గురించి మామయ్య చెబుతున్నాడు. అక్కడ చదివితే ఇక్కడి స్థానికత పోతుందేమో అని భయపడకు. కర్ణాటకలో ఒకటి నుంచి పన్నెండు వరకు కనీసం ఏడేళ్ళు చదివి, ఎస్సెస్సెల్సీ (పదో తరగతి) గానీ సెకండ్ పీయూసీ (పన్నెండో తరగతి) గానీ ఇక్కడ పాసై ఉంటే చాలు. నువ్వు రెండూ ఇక్కడే రాశావు. లాంగ్‌టర్మ్ ఏ తరగతి కిందా లెక్కకు రాదు. అడగాల్సినవి వేరే ఉన్నాయి. లాంగ్‌టర్మ్ బ్యాచ్ విడిగా ఉందా, సెకండియర్ వాళ్ళతో కలిపారా? ఒక సెక్షన్‌లో ఎంతమంది? టెస్టు తర్వాత డౌట్లకు ఫిజిక్స్ సార్ ఎన్ని గంటలుంటారు? మధ్యలో మానేస్తే ఫీజు ఎంత వెనక్కి ఇస్తారు? 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో, మానేసినవాళ్ళకు మిగిలిన కాలానికి లెక్కగట్టి పది రోజుల్లో డబ్బు తిరిగివ్వాలని ఉంది. అయినా రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఏముందో చదివాకే సంతకం. మొత్తం ఫీజు ఒకేసారి కడితే తగ్గింపు అంటారు, కట్టొద్దు.

ఏది నిర్ణయించుకున్నా కౌన్సెలింగ్‌కు మాత్రం పేరు ఇవ్వు. ఆలిండియా కోటా 15 శాతం సీట్లకు కేంద్రం తరఫున కౌన్సెలింగ్ చేసే ఎంసీసీ, రాష్ట్రం సీట్లకు కేఈఏ, రెండింటిలోనూ. అయితే ఏ రౌండ్‌లో ఏం ఒప్పుకుంటున్నావో తెలిసి ఒప్పుకో. కేఈఏలో సీటు వచ్చాక నాలుగు ఛాయిస్‌లు ఇస్తారు. ఒకటోది సీటు తీసుకుని చేరిపోవడం. రెండోది ఈ సీటు ఉంచుకుని ఇంకా మెరుగైనదాని కోసం చూడడం. మూడోది ఇది వద్దు, తర్వాతి రౌండ్‌లో చూస్తాననడం. నాలుగోది బయటికి వచ్చేయడం. చివరి రౌండ్లలో వచ్చిన సీటు వదిలేస్తే కట్టిన డిపాజిట్ పోతుంది. మిగిలిపోయిన సీట్లకు ఎంసీసీ చివరగా పెట్టే స్ట్రే రౌండ్‌లోదైతే వచ్చే ఏడాది పరీక్షకే అడ్డుపడొచ్చు. కాబట్టి వచ్చినా చేరనని తెలిసిన కాలేజీని ఆప్షన్లలో పెట్టకు.

బీడీఎస్ (దంతవైద్యం)లోనో బీఏఎంఎస్ (ఆయుర్వేదం)లోనో చేరి పక్కన నీట్ చదువుతానంటున్నావు. అది నాకు నచ్చలేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలో ఉండిపోతాయి, హాజరు చూస్తారు, రెండు పడవల మీద కాళ్ళవుతాయి. ఆ చదువే ఇష్టమైతే చేరు, అది వేరే సంగతి. విదేశాల ఎంబీబీఎస్ ఏజెంట్ మళ్ళీ ఫోన్ చేశాడు. 54 నెలల చదువు, అక్కడే ఏడాది ఇంటర్న్‌షిప్, తిరిగొచ్చాక 300 ప్రశ్నల పరీక్షలో 150 రావాలి, ఆ తర్వాత ఇక్కడ మళ్ళీ ఇంటర్న్‌షిప్. ఇదంతా అతను చెప్పలేదు, నేనడిగితే ఒప్పుకున్నాడు.

నువ్వు చదివింది పీసీఎంబీ, అంటే ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీతో పాటు మ్యాథ్స్ కూడా. కర్ణాటక ప్రవేశపరీక్ష సీఈటీ ర్యాంకుతో ఇంజనీరింగ్ సీటు వస్తే, అది నీకు నచ్చితే, దాన్ని ఓటమి అనుకోవద్దు. లాంగ్‌టర్మ్ తీసుకున్నా వచ్చే ఏడాది సీఈటీ దరఖాస్తు వేద్దాం. డిసెంబరు చివర్లో మూడు పూర్తి పేపర్లు, మధ్యాహ్నం రెండు నుంచి అయిదు వరకు, ఓఎంఆర్ మీదే రాయి. మూడింటి సగటులో ఒప్పులు 130 దాటకపోతే జనవరిలో కూర్చుని మళ్ళీ మాట్లాడుకుందాం.

పాత పేపర్లు, ఓఎంఆర్ ఖాళీ షీట్లు ఇరవై ప్రింట్ తీయించి నాన్న బ్యాగులో పెట్టాను. సోమవారం రాత్రి బస్సుకు మదనపల్లె వస్తున్నారు. నల్ల బాల్‌పెన్నులు అక్కడే కొనుక్కో. మొదటి 30 ప్రశ్నల ఒప్పులెన్నో మంగళవారం సాయంత్రం మెసేజ్ చెయ్యి, అంకె ఒక్కటే చాలు.

అమ్మ