ఒరేయ్ బావా, మీ బండల ఫారం సంగతి

ఒంగోలు,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ బావా,

నువ్వు పంపిన ఫైలు తెరిచి చూశాను. గ్రానైట్ బండల కొలతల ఫారం పీడీఎఫ్‌లో చెయ్యమని మీ ఓనరు నీ నెత్తిన పెట్టాడు, ఏ గడి ఎట్టా పెట్టాలో తెలీదు, కొనేవాళ్లు పసుపు రంగు పూసి పంపే కామెంట్లేమో ప్రింటు తీస్తే మాయమవుతున్నాయి, ఇదే కదా నీ గోల. ఫోన్లో చెప్తే ఊఁ ఊఁ అని పెట్టేసి సాయంత్రానికి మర్చిపోతావు, నీ సంగతి నాకు తెలీదా? అందుకే రాస్తున్నా. కాస్త పెద్దదే, టీ తెచ్చుకుని కూర్చో.

ముందు ఒక్క సంగతి బుర్రలో పెట్టుకో, మిగతావన్నీ దాని వెంటే వస్తాయి. పీడీఎఫ్‌లో కంటికి కనిపించేదంతా పేజీలో ఉండదు. అచ్చులో ఉన్న అక్షరాలు, గీతలు, మీ కంపెనీ లోగో, ఇవి పేజీలోవి. హైలైట్లు, పసుపు నోట్లు, స్టాంపులు, లింకులు, నింపే గడులు, ఇవన్నీ పేజీకి పైన ఉండేవి. మీ ఆఫీసు టేబుల్ మీద అద్దం వేసి కింద కాగితాలు పెడతారు చూడు, ఆ అద్దం మీద స్కెచ్‌పెన్నుతో రాసినట్టన్నమాట. కింద కాగితం చెక్కుచెదరదు. పైన రాసింది తుడిచెయ్యొచ్చు, దాచెయ్యొచ్చు, ఒక యాప్ చూపిస్తే ఇంకో యాప్ అసలు పట్టించుకోకపోవచ్చు. ఇట్టా పైన ఉండేవాటన్నిటినీ యానొటేషన్లు అంటారు. నీకు ఆశ్చర్యంగా ఉంటుందేమో గానీ, నింపే గడి కూడా లోపలి లెక్కలో ఒక యానొటేషనే, దాన్ని విడ్జెట్ అంటారు.

1993లో అడోబ్ వాళ్లు పీడీఎఫ్ తెచ్చినప్పుడు ఈ నింపే గడులు లేవు, అవి 1996లో 1.2 వెర్షన్‌తో వచ్చాయి. 2008లో అదంతా ఐఎస్ఓ 32000 అనే అంతర్జాతీయ ప్రమాణం అయింది, ఆ పుస్తకం చూసి ఎవరైనా సాఫ్ట్‌వేర్ రాసుకోవచ్చు. రాశారు కూడా, కానీ అందరూ మొత్తం రాయలేదు. నీ టెన్షన్‌లో సగం ఇక్కడే ఉంది. నీ కంప్యూటర్లో అడోబ్ వాళ్ల అక్రోబాట్ చూపించేదీ మీ క్వారీ మేస్త్రి ఫోన్లో ఏదో ఉచిత యాప్ చూపించేదీ ఒకటి కావు.

ప్రమాణంలో యానొటేషన్ రకాలు ఇరవైకి పైనే ఉన్నాయి. సౌండు, సినిమా, త్రీడీ బొమ్మ, ప్రింటింగ్ ప్రెస్సు వాళ్ల గుర్తులు, అవన్నీ నీకెందుకు గానీ నీ పనికి వచ్చేవి చెప్తా. హైలైటు, అండర్‌లైను, కొట్టివేత గీత, ఇవి అక్షరాల మీద పడేవి. అసలు అక్షరాలంటూ ఉంటేనే పడతాయి. మీ పాత ఒప్పందం కాగితాన్ని స్కాన్ చేసి పంపావు చూడు, అది ఉత్త ఫోటో, దాని మీద హైలైటు లాగితే ఏమీ అంటుకోదు, నువ్వేమో మౌసు పాడైందన్నావు. తెలుగులో దీనికి ఇంకో చిక్కుంది. పాత డీటీపీ వాళ్లు అను ఫాంట్లలో కొట్టిన పీడీఎఫ్‌లో హైలైటు చక్కగానే పడుతుంది, కానీ ఆ ముక్కని కాపీ చేసి వేరేచోట పెడితే ఏవో పిచ్చి గుర్తులు, ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. కంటికి తెలుగే, లోపల మాత్రం యూనికోడ్ కాదు, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల కోడు కాదు. అందుకే అందులో వెతికితే కూడా ఏమీ దొరకదు.

ఇక ఆ పసుపు నోటు. దాని మాటలు ఒక చిన్న కిటికీలో ఉంటాయి, నొక్కితేనే తెరుచుకుంటుంది. పేజీ మీద ఉండేది చిన్న బొమ్మ మాత్రమే. కాబట్టి మీ చైనా పార్టీ నోటులో "ఈ బండకి కుడిపక్క పగులుంది" అని రాస్తే, ప్రింటులో మామూలుగా మహా అయితే ఆ బొమ్మ పడుతుంది, పగులు మాట పడదు. అదే టెక్స్ట్‌బాక్స్ రకం కామెంటు అయితే మాటలు పేజీ మీదే బయటికి కనిపిస్తుంటాయి. కొనేవాళ్లకి మెయిల్ పెట్టేటప్పుడు నోటు వద్దు, టెక్స్ట్‌బాక్స్ వాడండి అని ఒక్క ముక్క రాయి, సగం గొడవ తీరిపోతుంది.

మిగతా సగం ప్రింటు దగ్గర ఉంది. ప్రతి యానొటేషన్‌కీ లోపల కొన్ని జెండాలు ఉంటాయి, ప్రింటులో రావాలా, తెర మీద దాచాలా, కదపకుండా తాళం వెయ్యాలా అని. ప్రింటు జెండా లేకపోతే నువ్వు తలకిందులుగా తపస్సు చేసినా కాగితం మీద పడదు. జెండా ఉన్నా, అక్రోబాట్ ప్రింటు పెట్టెలో 'కామెంట్స్ అండ్ ఫార్మ్స్' అని ఒక చోటుంది, అక్కడ 'డాక్యుమెంట్' అని మాత్రమే పెట్టుంటే కామెంట్లు రావు, 'డాక్యుమెంట్ అండ్ మార్కప్స్' అని మార్చు. అక్కడే కింద 'ఫార్మ్ ఫీల్డ్స్ ఓన్లీ' అని కూడా ఉంటుంది, నాకు భలే ఇష్టం అది. ముందే అచ్చేసిన బిల్లు పుస్తకం కాగితం ప్రింటర్లో పెట్టి, నింపిన అంకెలు మాత్రమే దాని మీద కొట్టొచ్చు.

స్టాంపుల సంగతి చెప్తే నవ్వుతావు. ప్రమాణంలోనే పద్నాలుగు స్టాంపు పేర్లు రాసిపెట్టారు. అప్రూవ్డ్, డ్రాఫ్ట్, ఫైనల్, కాన్ఫిడెన్షియల్ లాంటివి ఎలాగూ ఉంటాయి, వాటి మధ్యలో 'సోల్డ్' కూడా ఉంది! మన చీమకుర్తి యార్డు కోసమే పెట్టినట్టు లేదూ? అట్టాగే గీత యానొటేషన్‌లో కొలత గీత అని ఒకటుంది, రెండు కొసలా చిన్న అడ్డగీతలు, మధ్యలో అంకె. బండ ఫోటో మీద పొడవు చూపించడానికి మీరు పెయింట్‌లో గీసి చస్తున్నారే, ఆ పని ఇది చేస్తుంది.

ఒక హెచ్చరిక. ప్రతి కామెంటు వెంట రాసినవాడి పేరు, మార్చిన తేదీ కూడా వెళ్తాయి. ఆ పేరు సాఫ్ట్‌వేర్ కంప్యూటర్లో ఉన్న యూజర్ పేరు నుంచి లాక్కుంటుంది. మీ ఆఫీసు కంప్యూటర్లో యూజర్ పేరు మీ ఓనరు కొడుకు ముద్దుపేరని నాకు నీ ఫైలు చూశాకే తెలిసింది. మార్చించు, చైనావాడు దాన్నే మేనేజర్ పేరనుకుంటాడు.

ఇప్పుడు గడుల దగ్గరికి వద్దాం. నీ ఫైల్లో మొదటి వరసలో పొడవు 300 అని కొట్టగానే కింద వరసలన్నిటిలోనూ 300 పడుతోంది చూశావా? వైరస్ కాదురా అది. నువ్వు ఒక గడి చేసి, దాన్నే కాపీ కొట్టి కిందంతా అతికించావు. గడికి లోపల ఒక పేరుంటుంది, ఒకే పేరుతో ఎన్ని గడులున్నా పీడీఎఫ్ లెక్కలో అది ఒకటే గడి, పది చోట్ల కనిపిస్తుంది, అంతే. ఇది తప్పేమీ కాదు, కావాలనే అట్టా చేశారు. బండ నంబరు క్వారీ కాపీలోనూ ఆఫీసు కాపీలోనూ రావాలంటే రెండు చోట్లా ఒకే పేరు పెట్టు, ఒకసారి కొడితే రెండు చోట్లా పడుతుంది. పొడవులకి మాత్రం వరస వరసకీ పేరు మార్చాలి. అక్రోబాట్‌లో గడి మీద రైట్ క్లిక్ చేసి 'క్రియేట్ మల్టిపుల్ కాపీస్' అంటే చివర 0, 1, 2 అని తనే వేసుకుంటుంది. లిబ్రేఆఫీస్ రైటర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చేస్తే, ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు 'అలో డూప్లికేట్ ఫీల్డ్ నేమ్స్' అనే టిక్కు చూసుకో, అది లేకపోతే కావాలని ఒకటే పెట్టిన పేర్లని కూడా మార్చేస్తుంది.

చెక్‌బాక్సులకీ రేడియో బటన్లకీ తేడా తెలీకుండా ఫారాలు చేసేవాళ్లని ఏం చెయ్యాలో నాకు తెలీదు. మొన్న ఒక ఆఫీసు ఫారం మా షాపుకొచ్చింది, 'అవును', 'కాదు' రెండూ చెక్‌బాక్సులే. వచ్చినాయన రెండింటికీ టిక్కు కొట్టి ప్రింటు తీసుకుని హాయిగా వెళ్లిపోయాడు, ఆయన్ని అనడానికేముంది! నీకు బ్లాక్ గెలాక్సీ రకం గ్రానైట్‌లో బంగారు చుక్క చిన్నదా, మధ్యరకమా, పెద్దదా అన్నది ఒక్కటే జవాబు, రేడియో పెట్టు, మూడింటికీ ఒకటే గుంపు పేరు, విలువలు వేరు. పగులు, మచ్చ, తెల్లగీత అన్నవి ఒకే బండకి మూడూ ఉండొచ్చు, అవి చెక్‌బాక్సులు. పార్టీల పేర్లు ఎక్కువ కాబట్టి కిందికి జారే జాబితా పెట్టి, కొత్త పేరు టైపు చేసుకునే వీలు కూడా ఇవ్వు, లేదంటే కొత్త పార్టీ వచ్చిన ప్రతిసారీ నీ ప్రాణం తీస్తారు.

జీఎస్టీ నంబరుకి గడిలో గడులు పెట్టమన్నాడు కదా మీ ఆడిటరు, దాన్ని 'కోంబ్' అంటారు. ముందు అక్కడున్న మిగతా టిక్కులన్నీ తీసెయ్యి, ఆ తర్వాతే అక్రోబాట్ ఆ టిక్కుని వెయ్యనిస్తుంది, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. దాని పక్కన అక్షరాల లెక్క 15 అని పెట్టు. పాన్‌కి 10, ఐఎఫ్‌ఎస్‌సీకి 11. మన రాష్ట్రం జీఎస్టీ నంబరు 37తో మొదలవుతుంది కాబట్టి ఆ రెండంకెలు ముందే పడి ఉండేట్టు చేస్తానన్నావు, వద్దు, నీ దగ్గర కొనేవాళ్లంతా మన రాష్ట్రం వాళ్లేనా ఏంది?

లెక్క సంగతి జాగ్రత్త. పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి క్యూబిక్ మీటర్లు రావాలన్నావు. 'ప్రొడక్ట్' అని రెడీమేడ్ లెక్క ఉంది, మూడు గడుల పేర్లు ఇస్తే చాలు. కానీ మీ మేస్త్రి సెంటీమీటర్లలో రాస్తాడు. 300, 180, 160 అని కొడితే అది 86,40,000 అని చూపిస్తుంది, నీకు కావాల్సింది 8.64. కాబట్టి మీటర్లలో 3.00, 1.80, 1.60 అని రాయించు, లేదా పది లక్షలతో భాగించే చిన్న స్క్రిప్టు పెట్టు. మేస్త్రి అలవాటు మార్చడం కన్నా స్క్రిప్టు రాయడమే తేలికని నా ఉద్దేశం. ఇంకోటి, ఈ లెక్కలన్నీ పీడీఎఫ్ లోపల జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రాం భాషతో నడుస్తాయి, ఫోన్లలో చాలా యాప్‌లు దాన్ని నడపవు. అక్కడ ఆ గడి ఖాళీగానో పాత అంకెతోనో ఉండిపోతుంది. డబ్బుల వ్యవహారం కాబట్టి బిల్లు వేసే ముందు ఆఫీసులో ఎక్సెల్‌లో మళ్లీ ఒకసారి లెక్క వెయ్యి. గ్రాస్ (మొత్తం) కొలతకీ నెట్ (తరుగు పోను) కొలతకీ వేరే గడులు పెట్టడం మాత్రం మర్చిపోకు.

గడిలో తెలుగు కొడితే డబ్బాలు పడుతున్నాయన్నావు. గడికి ఒక ఫాంటు అంటగట్టి ఉంటుంది, మామూలుగా హెల్వెటికా, అందులో తెలుగు అక్షరమే లేదు. నిర్మలా యూఐ పెట్టి చూడు. అయినా కొన్ని యాప్‌లలో వత్తులు విడిపోయి పక్కన పడతాయి, 'చుక్క' కాస్తా 'చుక్‌క' అవుతుంది. అందుకే నా సలహా, నింపేచోట అంకెలు, జాబితాలు, టిక్కులు ఎక్కువ పెట్టు, తెలుగు టైపు చెయ్యాల్సిన అవసరం తగ్గించు. తెలుగు శీర్షికలన్నీ పేజీలోనే అచ్చుగా ఉంచు, అక్కడ ఫాంటుని ఫైల్లోనే కలిపేస్తారు కాబట్టి ఎక్కడికెళ్లినా చెదరవు.

సంతకం. మీ ఓనరు సంతకం ఫోటో తీసి స్టాంపులా అతికించడం సంతకం గడి కాదు. ఆ ఫోటోని ఎవడైనా కోసుకుని ఇంకో కాగితానికి అంటించుకోవచ్చు. సంతకం గడిలో డిజిటల్ సర్టిఫికెట్‌తో సంతకం పెడితే, ఆ తర్వాత ఫైల్లో ఏం మారినా తెలిసిపోతుంది. ఆధార్ పీడీఎఫ్ తెరిస్తే పసుపు ప్రశ్నార్థకం కనిపిస్తుంది చూడు, అదీ ఇలాంటి సంతకమే. దొంగదని కాదు దానర్థం, ఆ సర్టిఫికెట్‌ని నమ్మమని నీ కంప్యూటర్‌కి ఇంకా ఎవరూ చెప్పలేదని. సంతకం పెట్టేటప్పుడే ఆ తర్వాత ఏమీ మార్చకూడదా, గడులు నింపనివ్వాలా, కామెంట్లు కూడా రాయనివ్వాలా అని మూడు మెట్లలో చెప్పొచ్చు. నీకు రెండోది చాలు, ఓనరు ముందే సంతకం పెట్టి క్వారీకి పంపే అలవాటు ఉంది కదా మీకు. నన్నడిగితే ఆ అలవాటే మానుకోమంటాను, నింపాకే సంతకం పెట్టాలి, అది వేరే సంగతి.

చివరగా అన్నిటికన్నా ముఖ్యమైంది. ఒక పార్టీ రేటు ఇంకో పార్టీకి కనపడకుండా నల్ల డబ్బా గీసి పంపుతున్నావే, ఆ డబ్బా కూడా పైన ఉండేదే. కింద రేటు అట్టాగే ఉంది. డబ్బా లాగి పక్కన పెట్టినా, అంతా సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించినా బయటపడుతుంది. నేను రెండు నిమిషాల్లో నీ పాత కొటేషన్లో చదివేశాను, మీ రేటు బాగానే ఉందిలే. దీనికి రిడాక్ట్ అని వేరే రకం ఉంది, అక్రోబాట్ ప్రోలో దొరుకుతుంది. ముందు చోటు గుర్తు పెట్టాలి, తర్వాత 'అప్లై' నొక్కాలి. అప్లై నొక్కేదాకా అదీ ఉత్త గుర్తే, ఏమీ చెరిగిపోదు. నొక్కాక కింది అక్షరాలే తీసేస్తుంది. ఈ లోపల ఆ పాత పద్ధతిలో ఎవరికీ ఏమీ పంపకు, పంపినవేమైనా ఉంటే ఎవరెవరికో రాసుకో.

నింపిన ఫారం బయటికి పంపేటప్పుడు ఫ్లాటెన్ చేసి పంపు, అంటే పైన ఉన్నవన్నీ పేజీలోకి దిగిపోతాయి. ప్రింటు టు పీడీఎఫ్ కొట్టినా దాదాపు అదే పని అవుతుంది. డిజిటల్ సంతకం పెట్టినవాటికి మాత్రం ఆ పని చెయ్యకు, సంతకం పోతుంది. అసలు ఫైలు నీ దగ్గర వేరేగా దాచుకో, ఫ్లాటెన్ అయినదాన్నుంచి గడుల్లోని అంకెల్ని ఎక్సెల్‌లోకి నేరుగా లాగలేవు.

వరసల పేర్లు మార్చి, స్క్రిప్టు గడి ఖాళీగా ఉంచి పంపు, అది నేను రాసిస్తా. వాట్సాప్‌లో అయితే డాక్యుమెంట్‌గా పంపు, స్క్రీన్‌షాట్ తీసి పంపితే నేను చెయ్యగలిగింది ఏమీ ఉండదు. గురువారం నువ్వు కర్నూలు రోడ్డు వైపు వస్తే షాపుకి రా, మేస్త్రి ఫోను కూడా పట్టుకొచ్చుకో, అందులో తెరిచి చూద్దాం. అత్తని అడిగానని చెప్పు.

ఉంటా మరి,
నీ బావ