మంచాన పడ్డవారికి మన క్లబ్ తోడు: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా జరిగిన పనుల వివరాలివి. రక్తదాన శిబిరం, బడిపిల్లలకు నోటుపుస్తకాలు, వేసవి చలివేంద్రం ఎప్పటిలాగే నడిచాయి. వాటి లెక్కలు కోశాధికారి ఇచ్చిన పట్టికలో ఉన్నాయి. ఈ ఏడాది మన సమయం, డబ్బు, తలనొప్పి అన్నీ ఎక్కువగా హాస్పిస్ పని మీదే ఖర్చయ్యాయి కాబట్టి నివేదికలో సింహభాగం దానిదే.

హాస్పిస్ అంటే వృద్ధాశ్రమమా అని కొత్త సభ్యులు అడుగుతున్నారు. కాదు. జబ్బు ఇక నయం కాదని తేలిన రోగికి నొప్పి, ఆయాసం, పుండ్లు, వాంతులు లేకుండా చూసే చోటు అది. హైదరాబాద్‌లో స్పర్శ్ హాస్పిస్‌ను బంజారాహిల్స్ రోటరీ క్లబ్ 2011లో మొదలుపెట్టింది. మనది అంత పెద్ద పని కాదు. మనం భవనం కట్టలేదు, కట్టే ఆలోచన కూడా లేదు. ఊళ్లో నడుస్తున్న హాస్పిస్‌కు అడిగిన సామాను ఇస్తాం, ఇంట్లోనే ఉండాలనుకునే రోగులకు మంచం, పరుపు, ఆక్సిజన్ మిషన్ వాడుకోవడానికి ఇస్తాం.

సామాను గది

అందరూ అడిగేది ఆల్ఫా బెడ్. పాడైపోయేదీ అదే. గాలి బుడగలున్న ఈ పరుపుకు చిన్న పంపు ఉంటుంది. అది ఒక వరుస బుడగల్ని నింపుతూ పక్క వరుసను వదులు చేస్తుంది, కొన్ని నిమిషాలకు తారుమారు చేస్తుంది. దానివల్ల నడుము కింద, మడమల కింద ఒకేచోట బరువు పడదు. ఇంతా చేసి ఇచ్చాక వెళ్లి చూస్తే, పరుపు మీద బొంత, బొంత మీద రబ్బరు షీటు, దాని మీద మడిచిన దుప్పటి! ఇక బుడగలున్నా లేనట్టే. మీద ఒక్క పలచటి నూలు దుప్పటి చాలు, అదీ బిగించి లాగకూడదు.

రెండో తప్పు, గట్టిగా ఉంటే మంచిదనుకుని పంపు మీది నాబ్‌ను చివరిదాకా తిప్పేయడం. గాలి సరిపోయిందో లేదో చేత్తో చూడాలి. రోగి పడుకుని ఉండగా, పిరుదుల దగ్గర ఆల్ఫా బెడ్‌కూ కింది పరుపుకూ మధ్య అరచెయ్యి వెల్లకిలా దూర్చండి. చేతికీ ఒంటికీ మధ్య కనీసం అంగుళం గాలి ఉండాలి. ఎముక తగిలితే గాలి చాలలేదని అర్థం. చాలా ఇళ్లలో రాత్రిపూట గుయ్‌మంటోందనో కరెంటు బిల్లు పెరుగుతుందనో పంపు ఆపేస్తున్నారు. అది లాగే కరెంటు ఒక ఎల్ఈడీ బల్బుకయ్యేంతే. కరెంటు పోతే ట్యూబులు పంపు నుంచి ఊడదీసి, మడిచి రబ్బరు బ్యాండు వేస్తే గాలి కొంతసేపు నిలుస్తుంది. ఇంకో మాట: ఆల్ఫా బెడ్ ఉందని రోగిని పక్కకు తిప్పడం మానేయకూడదు. రెండు గంటలకోసారి తిప్పాల్సిందే. ఈ మాట బెడ్‌తో ఇచ్చే కాగితం మీద పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించాం.

తిరిగొచ్చిన బెడ్లలో కొన్నిటికి చిల్లులు ఉన్నాయి. పిన్నీసులు, ఉంగరాలు, ఒకచోట పిల్లి గోళ్లు. గాలి నింపి సబ్బునీళ్లు రాస్తే బుడగ లేచే చోట చిల్లు దొరుకుతుంది. బాగా ఆరాకే ప్యాచ్ వేయాలి, తడి మీద వేస్తే రెండో రోజుకే ఊడుతుంది. కడిగిన బెడ్‌ను నీడలోనే ఆరబెట్టాలి. ఎండలో వేస్తే ప్లాస్టిక్ పెళుసెక్కి మడతల దగ్గర చిట్లుతుంది, తడిగా మడిచి పెడితే బూజు పడుతుంది.

ఆక్సిజన్ మిషన్ల విషయంలో ఈ ఏడాది పద్ధతి మార్చాం. డాక్టరు చీటీ, అందులో నిమిషానికి ఎన్ని లీటర్లో రాసి ఉంటేనే ఇస్తున్నాం. ఆయాసం అనగానే ఆక్సిజన్ కావాలనుకుంటారు. రక్తంలో ఆక్సిజన్ తగ్గని రోగికి తలవైపు మంచం ఎత్తి, కిటికీ తెరిచి, చిన్న ఫ్యాన్ గాలి ముఖానికి తగిలేలా పెడితే చాలాసార్లు అదే నయమనిపిస్తుంది. అందుకే చేత్తో పట్టుకునే ఫ్యాన్లు కూడా కొన్నాం. అగ్గువగా వస్తాయి. మిషన్ ఇచ్చిన ఇంట్లో తప్పక చెప్పాల్సినవి: గోడకు అడుగు ఎడం ఉంచాలి, వెనక ఫిల్టర్‌ను వారానికోసారి కడిగి పూర్తిగా ఆరబెట్టాలి, మిషన్‌కుండే సీసాలో డిస్టిల్డ్ వాటర్ గీత దాటకుండా పోయాలి, వోల్టేజీ ఊగే చోట స్టెబిలైజర్ పెట్టాలి. ఆ గదిలో దీపం, అగరుబత్తి, బీడీ ఏవీ వెలిగించకూడదు. దీపం సంగతి చెప్పడం కష్టమే, కానీ దేవుడి పటం మంచం పక్కనే ఉండే ఇళ్లు చాలా ఉన్నాయి.

సామాను వెనక్కి తేవడానికి ఒక నియమం పెట్టుకున్నాం. రోగి పోయిన ఇంటికి పెద్దకర్మ అయ్యేదాకా ఫోన్ చేయం. వాళ్లే ముందుగా పిలిస్తే మాత్రం అదే రోజు వెళతాం. ఆ మంచం కళ్లముందు ఉంటే తట్టుకోలేని వాళ్లుంటారు.

పుట్టినరోజు పండ్లు

దాతలు మనసు పెట్టి తెస్తున్నారు, కాదనలేం. కానీ పుట్టినరోజంటూ హాస్పిస్‌కు తెచ్చే ఆపిల్ పండ్లు, బ్రెడ్డు చాలామంది రోగులు మింగలేరు. వాళ్లు తాగగలిగేది జావ, పలచటి మజ్జిగ, అదీ నర్సు సరేనన్నాకే. వండి పెట్టాలనుకునేవారు రోగి పక్కనుండే అటెండెంట్లకు పెట్టండి. ఊరు కాని ఊరొచ్చి, మంచం కిందే పడుకుని టీలతో గడిపేది వాళ్లే. హాస్పిస్‌లో నెలాఖరుకు నిజంగా అయిపోయేవి పెద్దల డైపర్లు, అండర్‌ప్యాడ్లు, గాజుగుడ్డ, పేపర్ టేపు, చేతి తొడుగులు. డైపర్లు కొనేటప్పుడు సైజు అడగండి. ఈసారి వచ్చినవి ఎక్కువగా పెద్ద సైజువి. చిక్కిపోయిన రోగికి అవి పక్కల నుంచి కారిపోతాయి.

మార్ఫిన్ గురించి

2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించి, తీవ్రమైన నొప్పికి వాడే మార్ఫిన్‌తో కలిపి ఆరు మందులు గుర్తింపు పొందిన వైద్యసంస్థలకు తేలిగ్గా దొరికేలా చేశారు. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సభ కూడా ఉపశమన చికిత్స (జబ్బు నయం కాకున్నా బాధ తగ్గించే వైద్యం) మీద తీర్మానం చేసింది. అది జరిగి పదేళ్లయిన సందర్భంగా, అక్టోబరు 12న ప్రపంచ హాస్పిస్ దినం నాడు మనం పెట్టిన సభలో నర్సులు వివరించింది ఈ మందు గురించే. మామూలు మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలకోసారి, గడియారం చూసి వేయాలి. నొప్పి వచ్చాక వేద్దామని ఆగితే, ఆ నొప్పిని మళ్లీ దించడానికి ఎక్కువ మందు పడుతుంది. మలబద్ధకం దాదాపు అందరికీ వస్తుంది, కాబట్టి విరేచనం మందు మొదటి రోజు నుంచే ఉండాలి. ఇళ్లలో మార్ఫిన్ ఆపేయడానికి పెద్ద కారణం ఈ మలబద్ధకమే. అలవాటైపోతుందన్న భయం రెండో కారణం. మన సభ్యులు మాత్రలు ముట్టుకోరు, డోసు చెప్పరు, ఒక రోగి దగ్గర మిగిలినవి ఇంకొకరికి ఇవ్వరు. మిగిలినవి ఇచ్చిన కేంద్రానికే తిరిగి చేరాలి.

నోటి శుభ్రం మాత్రం ఎవరైనా చేయొచ్చు. లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు చెంచా ఉప్పు, చెంచా తినే సోడా కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించాలి. పుక్కిలించలేని వారికి గాజుగుడ్డ తడిపి, పిండి, వేలికి చుట్టి మెల్లగా తుడవాలి. పెదాలకు కాస్త వాజిలైన్, ఆక్సిజన్ పెట్టినవారికి అయితే నీళ్లతో తయారైన జెల్.

ఇళ్లకు వెళ్లేవారికి

ఇద్దరిద్దరుగానే వెళ్లాలి. తగ్గిపోతుందిలే అనొద్దు, రోగికి తెలుసు. ఫొటోలు వద్దు. డైపర్ ప్యాకెట్ అందిస్తున్న ఫొటోలు గ్రూపులో పెట్టడం జూలై నుంచి ఆపేశాం. దాతలు కొందరు నొచ్చుకున్నారు. అయినా ఈ నిర్ణయం మారదు.

ఆ తర్వాత

వైకుంఠ రథం, ఫ్రీజర్ బాక్స్ ఏడాదంతా నడిచాయి. బాక్స్‌ను సన్న వైరు ఎక్స్‌టెన్షన్‌కు తగిలిస్తే వైరు వేడెక్కుతుంది, నేరుగా గోడ సాకెట్‌కే పెట్టాలి. నీళ్ల పైపు కింద బకెట్ మరిచిపోవద్దు. ఇంట్లో మరణం జరిగితే చివరిసారి చూసిన డాక్టరు దగ్గర మరణ కారణం ధ్రువపత్రం తీసుకుని, 21 రోజుల్లోపు నమోదు చేయించమని ఇంటివాళ్లకు గుర్తుచేయండి. ఆ గడువు దాటితే ఆలస్య రుసుము, 30 రోజులు దాటితే పై అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. బ్యాంకు, బీమా, పింఛను అన్నిటికీ కాపీలు అడుగుతారు, ఒకేసారి అరడజను తీసుకుంటే మేలు.

డబ్బు సంగతి

ఆదాయపు పన్ను మినహాయింపుకు రసీదు కావాలనుకునే దాతలు పాన్ నంబరు ఇవ్వాలి. నగదు రూపంలో 2,000 రూపాయలు దాటితే మినహాయింపు రాదు, ఆన్‌లైన్‌లోనో చెక్కుతోనో ఇవ్వండి. ఈ ఏడాది విరాళాల వివరాలు మే 31లోపు ఆదాయపు పన్ను శాఖకు వెళ్లాలి కాబట్టి, పాన్ ఇవ్వనివారు ఏప్రిల్‌లోనే కోశాధికారికి పంపండి.

వచ్చే ఏడాదికి కొత్త మిషన్లు కొనడం లేదు. ఉన్నవాటికి ఫిల్టర్లు, ట్యూబులు, ప్యాచ్‌లు, ఒక మెకానిక్‌కు నెలవారీ జీతం కేటాయించాలని కార్యవర్గం ప్రతిపాదన. సామాను గది తాళం ఇప్పుడు ఒక్కరి దగ్గరే ఉంది. వారు ఊళ్లో లేని రోజు రాత్రి బెడ్ అడిగినవారికి తెల్లవారేదాకా ఇవ్వలేకపోయాం. రెండో తాళంచెవి తీసుకునేందుకు బస్టాండు వైపు ఉండే సభ్యులెవరైనా సర్వసభ్య సమావేశంలో పేరివ్వండి.