కంపెనీని ఎంచుకునేది చెవి, వదలనివ్వనిది చెయ్యి

సంపాదకులకు నమస్కారం.

గిటార్ వాయించేవాళ్లు ఏళ్ల తరబడి ఒకే కంపెనీని ఎందుకు పట్టుకు వేలాడతారన్న ప్రశ్నకు మీ ఆదివారం వ్యాసం ఒక్కటే జవాబు చెప్పింది: కుర్రతనంలో విన్న పాట. అది తప్పేమీ కాదు. మోరిస్ హోల్‌బ్రూక్, రాబర్ట్ షిండ్లర్ 1989లో ప్రచురించిన అధ్యయనంలో, తమకు 23, 24 ఏళ్లున్నప్పుడు వచ్చిన పాటలనే శ్రోతలు అన్నిటికన్నా ఎక్కువగా ఇష్టపడ్డారని తేలింది. కానీ చెవి పని ఎంపికతో అయిపోతుంది. తర్వాత ఇరవై ఏళ్లూ ఆ గిటార్‌ని వదలనివ్వనిది తీగలు నొక్కే ఎడమచెయ్యి. ఆ సగాన్ని వ్యాసం ముట్టుకోలేదు.

ముందు చెవి సంగతి. గిబ్సన్ కంపెనీ 1961లో తన లెస్ పాల్ మోడల్ పాత ఆకారాన్ని పక్కన పెట్టి, పలచని ఎస్‌జీ రూపానికి మళ్లింది. 1966లో జాన్ మేయల్ బ్లూస్ బృందంతో గిటారిస్ట్ ఎరిక్ క్లాప్టన్ అదే పాత లెస్ పాల్‌ని మార్షల్ యాంప్‌కి తగిలించి గట్టిగా మోగించాక, కుర్రకారు దానికోసం సెకండ్‌హ్యాండ్‌లో వెతకసాగారు. 1968లో కంపెనీ తయారీ తిరిగి మొదలుపెట్టక తప్పలేదు. అదే ఏళ్లలో జిమీ హెండ్రిక్స్ గిటార్ విన్నవాళ్లు ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ (స్ట్రాట్) వైపు పోయారు. వయసు ఒకటే, విన్నది వేరు.

ఒకే కంపెనీ అభిమానుల్లోనూ వయసు గీత గీస్తుంది. ఫెండర్‌ని 1965లో అమెరికా ప్రసార సంస్థ సీబీఎస్ కొన్నది. ఆ ఏడాది చివర్లో స్ట్రాట్ హెడ్‌స్టాక్ (శ్రుతి మరలుండే కొస భాగం) పెద్దదైంది, 1971లో నెక్ (గిటార్ మెడ) బిగించే స్క్రూలు నాలుగు నుంచి మూడయ్యాయి. పెద్దవాళ్లకు "సీబీఎస్‌కి ముందు" అన్నదే నాణ్యత ముద్ర. వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో హెండ్రిక్స్ తెల్ల స్ట్రాట్‌ని చూసి పడిపోయినవాళ్లకు మాత్రం ఆ పెద్ద హెడ్‌స్టాకే అందం.

ఇంతకీ, ఎవరిని చూసి మనం లోగో పట్టుకున్నామో వాళ్లకే ఆ పట్టింపు లేదు. లెడ్ జెప్లిన్ మొదటి ఆల్బంలో, లెస్ పాల్‌తో పేరుపడ్డ జిమ్మీ పేజ్ వాయించింది ఫెండర్ టెలికాస్టర్. లెస్ పాల్‌కి మళ్లీ ఊపు తెచ్చిన గన్స్ ఎన్ రోజెస్ గిటారిస్ట్ స్లాష్ 1987 ఆల్బంలో వినిపించింది గిబ్సన్ గిటారే కాదు, క్రిస్ డెరిగ్ అనే పనివాడు చేసిన నకలు. క్లాప్టన్ తర్వాత స్ట్రాట్‌కి మారిపోయాడు. ఎడ్డీ వాన్ హేలెన్ సంగతి సరేసరి, విడిభాగాలు కొని స్ట్రాట్ ఆకారపు చెక్కలో గిబ్సన్ హంబకర్ (తీగ కంపనాన్ని పట్టే రెండు చుట్టల పికప్) దింపాడు.

ఇక చెయ్యి. ఫెండర్ స్కేల్ (తీగ మోగే పొడవు) 25.5 అంగుళాలు, గిబ్సన్ రాసుకునేది 24.75. వినడానికి ముప్పావు అంగుళమే. కానీ నట్ (మెడ కొసన తీగలు ఆనే పట్టీ) నుంచి నాలుగో ఫ్రెట్‌కి (మెడ మీది లోహపు అడ్డపట్టీకి) వచ్చేసరికి వేళ్ల చాపులో 4 మి.మీ. తేడా వస్తుంది. తీగ మందం, శ్రుతి ఒకటే అయినప్పుడు బిగువు స్కేల్ వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, ఫెండర్‌లో అది సుమారు 6 శాతం ఎక్కువ. గిబ్సన్‌కి అలవాటుపడ్డ వేలు స్ట్రాట్ మీద తీగ లాగితే స్వరం అనుకున్న చోటికి చేరదు. అటువాడు ఇటు వస్తే స్వరం దాటిపోతుంది. దాన్నే మనం "ఈ గిటార్ నాకు పడలేదు" అంటాం.

ఫింగర్‌బోర్డ్ (వేళ్లు నొక్కే పలక) వంపు కూడా అంతే. పాత ఫెండర్లలో 7.25 అంగుళాల రేడియస్, గిబ్సన్‌లో 12; అంకె చిన్నదైతే బోర్డు అంత గుండ్రం. గుండ్రటి బోర్డు మీద కార్డులు (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) హాయిగా పడతాయి. పై ఫ్రెట్ల దగ్గర సన్న తీగని లాగితే మాత్రం అది వంపు నడినెత్తి మీదికి ఎక్కి ముందున్న ఫ్రెట్‌ని తాకుతుంది, స్వరం చచ్చిపోతుంది. తీగలు బాగా కిందికి దించితే ఈ జబ్బు ఖాయం. 17వ ఫ్రెట్ దగ్గర లావు తీగ వైపు 2 మి.మీ., సన్న తీగ వైపు 1.6 మి.మీ. ఎత్తు ఉంచమని ఫెండర్ చెప్పేది ఇందుకే. గిబ్సన్ నుంచి వచ్చినవాళ్లు ఇంకా దించేసి కంపెనీని తిడతారు.

చెవీ చెయ్యీ ఢీకొనే చోటు ఫెండర్ జాగ్వార్. 1962లో వచ్చి 1975లో ఆగిపోయిన మోడల్. ఎవరికీ అక్కర్లేక చవగ్గా దొరకబట్టే తర్వాతి తరం చేతిలో పడింది, 1991లో నిర్వాణా బృందపు కర్ట్ కొబేన్ వల్ల మోజైంది. ఆ మోజుతో కొన్నవాళ్లు మామూలుగా 9 సెట్ తీగలు (అన్నిటికన్నా సన్న తీగ మందం అంగుళంలో వెయ్యింట 9 వంతులు) వేస్తారు. గట్టిగా మీటగానే తీగ బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే భాగం) గాడిలోంచి పక్కకి జారిపోతుంది. లోపం తయారీది కాదు. ఆ బ్రిడ్జ్‌ని 12 నుంచి మొదలయ్యే లావు ఫ్లాట్‌వౌండ్ (చదును చుట్టు) తీగల కాలంలో రూపొందించారు. స్కేల్ 24 అంగుళాలే కావడంతో బిగువు స్ట్రాట్ కంటే 11 శాతం తక్కువ, పైగా బ్రిడ్జ్ వెనక తీగ దిగే కోణం చాలా చిన్నది. కనీసం 11 సెట్ వేయాలి. నెక్ వదులు చేసి, అది కూర్చునే గుంటలో (పాకెట్‌లో) బాడీ చివరి వైపు అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ వాలు వచ్చేలా షిమ్ (పలచని ముక్క) పెట్టి, బ్రిడ్జ్‌ని ఆ మేరకు లేపితే తీగ కిందికి నొక్కిపట్టుకుంటుంది. అన్నీ చేసినా కొబేన్ ధ్వని రాదు, ఎందుకంటే అతని జాగ్వార్‌లో ఉన్నవి అసలు సింగిల్ కాయిల్ (ఒకే చుట్ట) పికప్‌లు కావు, డిమార్జియో హంబకర్లు.

బ్లూస్ గిటారిస్ట్ స్టీవీ రే వాన్ అభిమానులదీ ఇలాంటి తిప్పలే. 13 తీగలు వేస్తారు, ఆయన తీగల శ్రుతిని అర స్వరం దించి ఈ-ఫ్లాట్ (E♭)లో వాయించాడన్నది మరుస్తారు. ఆ అర స్వరంతో బిగువు 11 శాతం తగ్గుతుంది. అది వదిలేస్తే మిగిలేది వేళ్ల నొప్పి.

అభిమానంలో చెవి వాటా ఎంత, చేతి వాటా ఎంత అని తేల్చుకోవాలంటే ఒక పద్ధతి ఉంది. రెండు గిటార్లకూ ఒకే కంపెనీ, ఒకే మందం కొత్త తీగలు వేయాలి. నెక్ రిలీఫ్ (మెడకుండే కొద్దిపాటి వంపు) 0.25 మి.మీ. దగ్గర ఉంచి, తీగల ఎత్తు సమానం చేయాలి. యాంప్ ఒకటే, టోన్ నాబ్‌లు కదపకూడదు. హంబకర్ ఎక్కువ మోగుతుంది, ఎక్కువ మోగేదే బాగుందనిపిస్తుంది కాబట్టి రెండింటి వాల్యూమ్ ముందే సరిపెట్టాలి. ఈ మెట్టు ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ. తర్వాత ఇంకొకరు వాయిస్తుంటే వెనక్కి తిరిగి వినాలి, మార్కులు రాసుకోవాలి. ఆ పైన కళ్లు మూసుకుని తనే పది నిమిషాలు వాయించి, మళ్లీ మార్కులు వేయాలి. రెండు జాబితాలు కలవకపోతే ఆ తేడా చేతిది.

వయసు మళ్లాక లెక్క మళ్లీ మారుతుంది. నాలుగు కిలోలు దాటే లెస్ పాల్ భుజానికి బరువవుతుంది, కీళ్ల నొప్పులున్న వేళ్లకు పొడవు స్కేల్ కష్టమవుతుంది. అప్పుడు కంపెనీ మార్చే ముందు తీగ మార్చి చూడొచ్చు. 10 నుంచి 9కి వస్తే మొదటి తీగ బిగువు 19 శాతం తగ్గుతుంది. లాగే బలం తగ్గాక నెక్ వెనక్కి వాలి తీగలు జరజరలాడితే ట్రస్ రాడ్‌ని (నెక్ లోపలి లోహపు కడ్డీని) పావు చుట్టులోపే వదులు చేసి ఒక రోజు ఆగాలి. ట్రెమొలో (స్వరాన్ని ఊపే మీట) ఉంటే వెనక స్ప్రింగుల పట్టు కూడా కొంచెం సడలించాలి, చివర్లో ఇంటొనేషన్ (అన్ని ఫ్రెట్ల దగ్గరా శ్రుతి సరిపోవడం) చూసుకోవాలి.

అదీ చాలకపోతే స్ట్రాట్ బాడీకే 24.75 అంగుళాల కన్వర్షన్ నెక్ (స్కేల్ మార్చే నెక్) బిగించవచ్చు. బ్రిడ్జ్‌ని కదపనక్కర్లేదు. అలాంటి నెక్ మీద సాధారణంగా ఫెండర్ పేరు ఉండదన్నదొక్కటే కొందరికి అడ్డు.

భవదీయుడు,
ఒక పాఠకుడు